బల్లలు లేని విందు

లండను నగరము నడిబొడ్డున బారిస్టరులను తయారుచేయు సంస్థలు నాలుగు కలవు. లింకన్స్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్, గ్రేస్ ఇన్ అని వాని పేర్లు. ‘ఇన్’ అనగా బస. వెనుకటి శతాబ్దములలో న్యాయశాస్త్రము నేర్చు యువకులును, నేర్పు పెద్దలును ఒక్క లోగిలిలో బసచేసి, ఒక్క పంక్తిని భుజించుచు కాలము గడపెడివారు. మన గురుకులవాసమును తలపించు పద్ధతి యది. కాలక్రమమున విద్యార్థులకు బస తప్పిపోయినది గాని పంక్తి తప్పలేదు. బారిస్టరు పట్టము కోరువాడు పరీక్షలలో కృతార్థుడైనంత మాత్రమున చాలదు. ఇన్ని పూటలని లెక్కపెట్టి ఇన్ భోజనశాలకు పోయి, విందులో కూర్చుండి రావలసియుండెడిది. ‘టర్ములు తినుట’ అని దీనికి అక్కడ వాడుకలోనున్న పేరు.

1888 నవంబరులో కాఠియావాడునుండి వచ్చిన పందొమ్మిదేండ్ల యువకుడొకడు ఇన్నర్ టెంపుల్‌లో చేరెను. ఆయన మోహనదాసు కరంచందు గాంధి. టర్మునకు రమారమి ఇరువదినాలుగు విందులు జరుగును. అందులో ఆరింటికైనను పోవలెను. అట్టి టర్ములు పండ్రెండు గడువవలెను. అనగా మూడేండ్ల మాట. తినుట నిర్బంధము కాదు, కూర్చుండుటే నిర్బంధము. నలుగురికొక జట్టు, జట్టుకు రెండు బుడ్ల ద్రాక్షసారాయము. తల్లికిచ్చిన మాటకు కట్టుబడి మద్యము ముట్టని ఈ యువకుని తమ జట్టులో చేర్చుకొనుటకు తోటివారు పోటీపడెడివారట! రెండు బుడ్లును ముగ్గురికే దక్కును గదా.

ఇన్ని పూటలు కూర్చుండుటవలన న్యాయవాదికి కావలసిన విద్య యేమి అబ్బినదని గాంధీజీ తన ఆత్మకథలో ప్రశ్నించుకొనెను. ఆయన చెప్పుకొన్న సమాధానము ఉపాధ్యాయులు ఆలోచింపదగినది. విద్యార్థులు కొలదిమందిగా ఉన్న పూర్వకాలమున ఈ విందులలో పెద్దలతో మాటాడుటకు వీలుండెననియు, దానివలన లోకజ్ఞానమును మాటనేర్పును కలిగెడివనియు ఆయన ఒప్పుకొనెను. కాని తాను చేరునాటికి పెద్దలకు వేరుగా ఒక బల్ల ఏర్పడియుండెను. పెద్దలు ఆ బల్లవద్ద, పిన్నలు ఈ బల్లలవద్ద. విందు మిగిలినది, దాని ప్రయోజనము పోయినది.

ఆ వేరు బల్ల సంగతి కొంచెము విచారింపదగియున్నది.

వృత్తిలో ప్రవేశింపబోవువాడు ఆ వృత్తిలోని పెద్దలతోను తోటివారితోను సంబంధము ఏర్పరచుకొనుటకు నేటి కళాశాలలలో ‘నెట్‌వర్కింగ్’ అని పేరు పెట్టినారు. దానికి పాఠములు కలవు, శిక్షణ తరగతులు కలవు. నెట్ అనగా వల. చేపలు పట్టువాని చూపు కొంత ఆ మాటలో లేకపోలేదు. మన ‘పరిచయము’ అంతకన్న నిదానమైన మాట. సంస్కృతమున దానికి పోగుచేయుట అనియు, పలుమాఱు చేయగా చేయగా కలుగు అలవాటు అనియు అర్థములు కలవు. ఒక్కనాటి కరచాలనముతో ముగియు పని కాదని ఆ మాటయే చెప్పుచున్నది. వల అన్నను పరిచయమన్నను, న్యాయవాదవృత్తిలో అది లేక పని జరుగదన్నది మాత్రము నిజము. పుస్తకములో సెక్షను ఉండును. ఆ సెక్షనును ఏ కోర్టులో, ఏ విధమైన అర్జీలో, ఏ మాటలతో ముందుకు తేవలెనో చెప్పునది మనిషి. ఆ మనిషి ఎవరికి దొరకును?

తండ్రియో మేనమామయో వకీలైనవానికి ఇంటిలోనే దొరకును. ఉదయమున కక్షిదారులు అరుగుమీద కూర్చుండి చెప్పుకొను మాటలు, రాత్రి దీపమువద్ద సాగు కాగితముల సర్దుబాటు చూచుచు పెరిగిన పిల్లవానికి ఈ పరిచయము ఉగ్గుపాలతో వచ్చును. లేనివానికో? ఒంగోలులో పూటకూళ్ళయిల్లు నడపిన తల్లి కుమారుడు టంగుటూరి ప్రకాశముగారు. ఆయనకు ఇమ్మానేని హనుమంతరావునాయుడను ఉపాధ్యాయుడు అండగా నిలిచి రాజమహేంద్రవరమునకు తీసికొనిపోకున్నచో, ఆయన సెకండు గ్రేడు ప్లీడరు కాగలుగుట కష్టము. 1904లో ఇంగ్లండుకు పోయి, 1907లో బారిస్టరై వచ్చి, మద్రాసు హైకోర్టులో వాదించుట అంతకన్న కష్టము. ఒక్క బడిపంతులు చేసిన పరిచయపు పని అది. అట్టి పంతులు దొరకని ఒంగోలు పిల్లలు, ఒంగోలు కాని ఊళ్ళ పిల్లలు ఎందఱో! వారి పేర్లు ఏ చరిత్రలోను లేవు.

స్త్రీలకైతే ఆ పంక్తిలోనే చోటు లేకపోయెను. కార్నీలియా సొరాబ్జీ 1892లో ఆక్స్‌ఫర్డున న్యాయశాస్త్ర పరీక్ష వ్రాసెను. ఆమెకు ఆ పట్టము చేతికి వచ్చినది 1922లో. స్త్రీయను కారణమున ఎవరిని గాని వృత్తులనుండి తొలగింపరాదని 1919లో ఇంగ్లండు పార్లమెంటు చట్టము చేసిన తరువాతనే ఇన్‌ల తలుపులు స్త్రీలకు తెఱచుకొనినవి. విందు బల్లవద్దకు రానీయకుండుట అనగా వృత్తిలోనికే రానీయకుండుట. తినుటకేమి, ఎక్కడనైనను తినవచ్చును!

ఇక బల్లవద్దకు చేరినవానికిని ఒక చిక్కు కలదు. అది బిడియము. గాంధి ఇంగ్లండుకు వచ్చునప్పుడు దాదాభాయి నౌరోజీగారికి ఒక పరిచయపత్రము తెచ్చుకొనెను. ఆయన ఉపన్యాసములకు పోయి, మూలగా కూర్చుండి విని వచ్చెడివాడు. పత్రము మాత్రము ఇయ్యలేదు. అంతటివానికి శ్రమ కలిగించుటకు తానెంతవాడనని సంకోచము. చదువు ముగియవచ్చినంతలో ధైర్యము చేసి ఇచ్చెను. కావలసినప్పుడెల్ల వచ్చి సలహా అడుగవచ్చునని దాదాభాయి ఆదరముతో చెప్పెను. అయినను గాంధి మఱల పోలేదు. చట్టములు చదివితిని గాని వకీలుపని చేయుట నేర్వలేదన్న దిగులుతో, ఒక మిత్రుని సలహాపై, ఫ్రెడరిక్ పింకట్ అను ఆంగ్లేయునివద్దకు పోయెను. సామాన్యమైన నిజాయతీయు శ్రద్ధయు ఉన్న చాలునని, మనుష్యులను చదువుట నేర్చుకొమ్మని ఆయన ధైర్యము చెప్పెను. 1891 జూనులో పట్టము పుచ్చుకొని స్వదేశమునకు తిరిగివచ్చిన గాంధి, బొంబాయి స్మాల్ కాజు కోర్టులో మొదటి వ్యాజ్యమున నోరు పెగలక కూలబడిన సంగతి అందఱెఱిగినదే.

అదే లండనులో, ఆ ఇన్‌లకు ఆనుకొనియున్న వీథులలో, 2005వ సంవత్సరమున ఒక క్రొత్త ఆచారము మొదలైనది. దానిపేరు ‘లండన్ లీగల్ వాక్’. అనగా న్యాయవాద లోకమువారి నడక. ఏటేట ఒక దినమున ఉన్నత న్యాయస్థానముల భవనపు పరిసరములనుండి బయలుదేరి, నది వెంబడినో, ఉద్యానవనముల మీదుగానో పది కిలోమీటర్లు నడచివత్తురు. ఇంగ్లండు ప్రధాన న్యాయమూర్తి మొదలుకొని బారిస్టరులు, సొలిసిటరులు, గుమాస్తాలు, న్యాయకళాశాలల విద్యార్థులు జట్లుజట్లుగా నడచెదరు. తలలమీద వెండ్రుకల టోపీలు లేవు, నల్ల గౌనులు లేవు. కాళ్ళకు నడకజోళ్ళు ఉన్నవి. నడచు ప్రతివాడును తన బంధుమిత్రులవద్ద చందాలు పోగుచేయును. ఆ ధనము పేదలకు ఉచితముగా న్యాయసలహా నిచ్చు సంస్థలకు పోవును.

ఆ సంస్థల చరిత్ర ఒక్క మాటలో చెప్పవలెను. డబ్బు లేనివానికి ప్రభుత్వమే వకీలును ఏర్పాటు చేయవలెనని ఇంగ్లండులో 1949లో చట్టము చేసినారు. అయినను వకీళ్ళ కచేరీలు పేదల పేటలలో ఉండవు గనుక, పేటలోనే ఒక న్యాయకేంద్రమును నెలకొల్పు పద్ధతి 1970లో ఉత్తర కెన్సింగ్టనులో ఆరంభమై ఇతరచోట్లకు వ్యాపించెను. 2012లో చేసిన మరియొక చట్టము, 2013 ఏప్రిలునుండి అమలులోనికి వచ్చి, అప్పుల తగాదాలు, ఉద్యోగపు తగాదాలు, ప్రభుత్వభత్యముల తగాదాలు, కుటుంబ వ్యవహారములలో పెక్కింటిని ఆ సహాయమునుండి తొలగించెను. భత్యము నిలిచిపోయిన వృద్ధురాలు ఎవరి గుమ్మము ఎక్కవలెను? పార్లమెంటు మూసిన తలుపును నడకతో తెఱువవలసి వచ్చుట న్యాయమా యని ఆ నడచువారిలోనే అడుగువారు కలరు. అడుగవలసిన ప్రశ్నయే. కాని ప్రశ్నకు జవాబు వచ్చువఱకు వృద్ధురాలు ఆగలేదు గదా.

ఇట్టి సందర్భమున విద్యార్థి నేర్చుకొనునది నడకదినమునకు ముందే మొదలగును. చందా అడుగవలెను. తనకొఱకు అడుగుటకు నోరు రాని పిల్ల, ఒకరికొఱకు అడుగవలసివచ్చినప్పుడు మొదట తడబడును. పిదప మాటలు కూర్చుకొనును. న్యాయకేంద్రమనగానేమి, అక్కడికి ఎవరు వత్తురు, ఈ సొమ్ముతో ఏమి చేయుదురు అను మూడు సంగతులను మూడు వాక్యములలో చెప్పలేనిచో అంగడివాడు చేయి జేబులో పెట్టడు. న్యాయమూర్తి ముందు చేయవలసిన పనియు ఇంతకన్న వేఱు కాదు. నలుగురు ‘లేద’న్న పిదప అయిదవవాని గుమ్మము తట్టుట ఏ పాఠ్యపుస్తకమునను లేని విద్య.

నడకలో నేర్చునది మరియొకటి. ఎదురెదురుగా కూర్చున్నవారికి మాట తెగినప్పుడు ఇబ్బంది. ప్రక్కప్రక్కన నడచువారికి మౌనమును సంభాషణలో భాగమే. చెట్టు చూడవచ్చును, నది చూడవచ్చును, తిరిగి మాట అందుకొనవచ్చును. విందులో ఒకరి ప్రక్కన కూర్చున్న లేచుటకు వీలులేదు. నడకలో జోడు ముడి విప్పుకొన్నట్లు ఒకనిముసము ఆగిన చాలు, వెనుకనున్నవారు కలిసికొందురు. కాబట్టి పెద్దవారికి విసుగు పుట్టదు, పిన్నవారికి బంధనము లేదు. అన్నిటికంటె ముఖ్యము, ఇక్కడ వేరు బల్ల లేదు. దారి ఒక్కటే.

అయినను దారి ఉన్నంతమాత్రమున నడక వచ్చునని కాదు. మొదటిసారి వచ్చిన విద్యార్థి తన పేరును నోటిలోనే నమిలి, పెద్దవారి పేరును వినకపోవును. కొందఱు ఒక న్యాయమూర్తిని పట్టుకొని పది కిలోమీటర్లును తుమ్మజిగురువలె వదలరు. విచారణలోనున్న వ్యాజ్యమును గుఱించి న్యాయమూర్తిని అడుగరాదన్న మర్యాద తెలియక అడుగువారు కొందఱు. ఆయన చిఱునవ్వు నవ్వి వాతావరణమును గుఱించి మాటాడినప్పుడు కూడ వారికి తెలియదు! ‘మీ కచేరీలో ఖాళీ కలదా’ అని మొదటి మలుపులోనే అడిగినవానికి రెండవ మలుపులో తోడు ఉండదు. ‘ఈ వారము మీకు కష్టమైన పని ఏది వచ్చినది’ అని అడిగినవానికి కిలోమీటరు పొడుగున కథ దొరకును. తన పని గుఱించి శ్రద్ధగా వినువానిని ఎవడు మఱచును? విన్నదానిని ప్రక్కనున్న తన స్నేహితురాలికి అందించి, ‘ఈమెకును ఆ విషయమున ఆసక్తి కలదు’ అని పెద్దవారికి ఎఱుకపఱచిన విద్యార్థి ఇంకను ఒక మెట్టు పైనున్నాడు. తనకు దొరికిన తోడును పంచుకొనుట తెలిసినవానిని పెద్దలు ఇట్టే గుర్తింతురు.

ఇంటికి పోయిన పిమ్మట రెండుమూడు దినములలో ఒక జాబు వ్రాయవలెను. నాలుగు వాక్యములు చాలును. అందులో దారిలో మాటాడుకొన్న సంగతి ఒకటి ఉండవలెను, ఉద్యోగపు దరఖాస్తు ఉండరాదు. మరుసటి ఏడు మఱల నడకకు పోవలెను. రెండవ ఏట ‘ఆ వృద్ధురాలి భత్యము సంగతి ఏమైన’దని ఆ న్యాయకేంద్రపు సొలిసిటరును అడుగగలిగినప్పుడు అది పరిచయమగును. అంతవఱకు అది ముఖము చూచుకొనుటయే.

సిఫారసు వేఱు, పరిచయము వేఱు. సిఫారసు ఒకరు మనలను గుఱించి మరియొకరికి చెప్పు మాట. పరిచయము మనలను చూచి ఒకరు తామే తెలిసికొనునది. నడకలో ఎవడు నీరసించినవానికొఱకు ఆగినాడో, ఎవడు నీళ్ళ సీసా అందించినాడో, ఎవడు పెద్దలు కనబడినప్పుడే వడివడిగా నడచినాడో పదిమందికి తెలియును. మేనమామ లేని పిల్లవానికి ఇంతకన్న కావలసినది లేదు.

ధర్మకార్యము పేరుతో పరిచయములు వెదకుకొనుట కపటము కాదా యని సందేహము కలుగవచ్చును. స్వామికార్యము, స్వకార్యము అని మనవారు రెండింటిని జంటగానే చెప్పినారు. స్వామికార్యము నిజముగా జరిగినచో స్వకార్యమున దోషము లేదు. వృద్ధురాలికి చందా ఇచ్చినవాని మనస్సుతో పని లేదు, చందాతో పని. అయితే స్వామిని వాకిట నిలిపి స్వకార్యము మాత్రము చక్కబెట్టుకొని పోవువారు లేరనరాదు. చందా పోగుచేయక, చివరి విందుకు మాత్రము వచ్చి, పేరు చీటీలు పంచిపోవు ప్రబుద్ధులు ఏ దేశమునైనను ఉందురు. వారి చీటీలు చాలవఱకు ఆ బల్లలమీదనే మిగిలిపోవును.

మనదేశమున ఈ విషయమునకు ఒక కట్టుబాటు అదనముగా కలదు. న్యాయవాది తన పనిని ప్రకటించుకొనరాదనియు, వ్యాజ్యములకొఱకు తానుగాని, దళారులద్వారాగాని ఎవరిని ఆశ్రయింపరాదనియు బార్ కౌన్సిల్ నియమములు శాసించుచున్నవి. కక్షిదారుని వెదకుకొనుట తప్పు; గురువును వెదకుకొనుట తప్పుకాదు. ఈ గీటు ఎక్కడున్నదో విద్యార్థిదశలోనే తెలియవలెను. అయిదేండ్ల న్యాయవిద్యలో ఇరువదివారములు, మూడేండ్ల విద్యలో పండ్రెండువారములు పెద్దలవద్ద పని నేర్వవలెనని 2008 నాటి విద్యానియమములు చెప్పుచున్నవి. పాలమూరు జిల్లా పల్లెనుండియో, ఉద్దానమునుండియో వచ్చి హైదరాబాదులోనో విశాఖపట్టణములోనో న్యాయశాస్త్రము చదువు పిల్లకు ఆ పెద్ద ఎక్కడ దొరకును?

దొరకుటకు చోటు లేకపోలేదు. డబ్బు లేనికారణమున ఎవరికిని న్యాయము అందకపోరాదని 1976లో రాజ్యాంగమున 39ఎ అధికరణము చేర్చినారు. 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టము వచ్చెను. అది అమలులోనికి వచ్చిన 1995 నవంబరు 9వ తేదీకి గుర్తుగా ఏటేట నవంబరు 9న న్యాయసేవా దినము జరుపుచున్నారు. ప్రతి జిల్లా సంస్థకును జిల్లా న్యాయమూర్తియే అధ్యక్షుడు. గ్రామములలో న్యాయసహాయ శిబిరములు పెట్టుదురు, విద్యార్థులును పోవుదురు.

పోయి చేయునదేమి? పెక్కుచోట్ల వారు కుర్చీలు వేయుదురు, పూలగుత్తులు అందింతురు, వందన సమర్పణ చేయుదురు. పెద్దలు వేదికమీద, పిన్నలు వెనుక వరుసలో. ఇన్నర్ టెంపుల్‌లో గాంధి చూచిన వేరు బల్ల ఇక్కడ షామియానా క్రింద, నాలుగడుగుల ఎత్తున, పూలదండలతో వెలయుచున్నది. ఉపన్యాసములు ముగిసి కార్లు కదలగానే శిబిరము ముగిసినదనుకొని బస్సెక్కు విద్యార్థి ఏమియు నేర్వడు. తప్పు వానిదని అనుటకును లేదు.

అసలు శిబిరము ఆ పిమ్మటనే మొదలగును. మూలనొక చెక్కబల్ల ఉండును. పింఛను ఆగిపోయిన వితంతువు, పాసుపుస్తకములో పేరు తప్పుపడిన రైతు, కూలి అందని తట్టమోయు మనిషి అక్కడ నిలుచుందురు. అర్జీ వ్రాయువాడు కావలెను. విద్యార్థిని కలము తీసి వ్రాయ మొదలిడును. పేనలు న్యాయవాది ప్రక్కన నిలిచి, ‘తేదీ ముందు వ్రాయవమ్మా, ఏడుపు తరువాత వ్రాయవచ్చును’ అని దిద్దును. మూడవ అర్జీకి ఆమె తేదీ ముందు వ్రాయును. సాయంకాలమునకు ఆయన ఆమె పేరడుగును, కళాశాల అడుగును, ‘సెలవులలో కోర్టుకు రా’ అనును. ఇంతే. దీనికి శిక్షణ తరగతి లేదు. ఆ బల్లకు అటువైపు అర్జీదారులు, ఇటువైపు ఈమెయు ఆయనయు. ఉపాధ్యాయులు విద్యార్థులను శిబిరమునకు పంపునప్పుడు వేదిక పనినుండి తప్పించి ఆ మూలబల్లకు పంపగలిగినచో, పండ్రెండువారముల నియమము కాగితముమీదనుండి దిగివచ్చును.

గాంధి సంగతి ఇంకను కొంత మిగిలియున్నది. 1894లో నేటాలు ప్రభుత్వము అక్కడి భారతీయుల ఓటుహక్కును తొలగించుటకు చట్టము తలపెట్టెను. ఆ జూలై నెలలో డర్బనునుండి ఒక జాబు లండనుకు బయలుదేరెను. అప్పటికి పార్లమెంటు సభ్యుడుగా ఉన్న దాదాభాయి నౌరోజీగారి పేర అది వచ్చినది. వ్రాసినవాడు ఇరువదినాలుగేండ్ల గాంధి. తాను అనుభవము చాలని చిన్నవాడననియు, మీదవేసికొన్న భారము తన శక్తికి మించినదనియు, తండ్రి బిడ్డకు చెప్పినట్లు దారి చూపవలసినదనియు అందులో కోరెను. పరిచయపత్రము జేబులో పెట్టుకొని మూడేండ్లు మూలగా కూర్చుండి వచ్చినవాడే ఆయన. ఆ పిమ్మట వారిద్దఱి ఉత్తరప్రత్యుత్తరములు ఏండ్ల తరబడి సాగినవి.